మైలేజీ ఎక్కడ పోతోంది?

ప్రశ్న: మా పెట్రోలు కారు లీటరుకు 17 కిలోమీటర్లు ఇచ్చేది. ఇప్పుడు 14 దాటడం లేదు. సర్వీసింగ్ చేయించి, ఎయిర్ ఫిల్టర్ కూడా మార్పించాం. అయినా తేడా లేదు. లోపం ఎక్కడుందంటారు?

జవాబు: ముందు ఆ 14 ఎలా తేలిందో చూసుకోండి. డ్యాష్‌బోర్డు చూపేది అంచనా మాత్రమే. పంపు దానంతటది ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటరు సున్నా చేయండి. ఓ 300 కిలోమీటర్లు తిరిగాక అదే పంపు దగ్గర అలాగే నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. పంపు ఆగాక కొసరు పోయించుకుంటే లెక్క తప్పుతుంది.

ఎయిర్ ఫిల్టర్ మీద ఆశ కార్బ్యురేటర్ల (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కు పంపే పాతకాలపు పరికరాల) కాలం నాటిది. ఇప్పటి ఇంజన్లలో లోపలికెళ్లే గాలిని బట్టి కంప్యూటరే పెట్రోలు సరిచేస్తుంది. ఫిల్టర్ పూడుకుపోతే పికప్ తగ్గుతుందే గానీ మైలేజీ అంతగా మారదు.

నా అనుమానం చక్రాల మీద. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదపకముందే చూడాలి. కాస్త దూరం నడిచి వేడెక్కాక చూస్తే నాలుగైదు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువ చూపిస్తుంది, సరిపోయిందని వదిలేస్తాం. ఎంత ఉండాలో సాధారణంగా డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు అంచున అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని పట్టించుకోకండి.

గాలి సరిగ్గానే ఉంటే బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూడండి. ఓ 20 నిమిషాలు నడిపి, చివర్లో బ్రేకు వీలైనంత తక్కువ వాడి ఆపండి. రిమ్ములకు తాకకుండా దగ్గరగా అరచెయ్యి పెట్టండి. ముందు చక్రాన్ని ముందు దానితోనే, వెనకదాన్ని వెనకదానితోనే పోల్చాలి. ఒకవైపు సెగ బాగా ఎక్కువగా తగిలితే అక్కడ బ్రేకు ప్యాడ్, చక్రంతో తిరిగే డిస్కును వదలడం లేదన్నమాట. చాలాసార్లు కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జారే పిన్నులు ఎండి బిగుసుకోవడమే కారణం. వాటిని శుభ్రం చేయించి బ్రేకులకు వాడే గ్రీజే రాయించండి. మామూలు గ్రీజు ఆ పిన్నుల రబ్బరు తొడుగులను ఉబ్బిస్తుంది.

ఇవేవీ కాకపోతే, ఎంత నడిపినా టెంపరేచర్ ముల్లు మామూలు చోటికి చేరుతోందా అన్నది గమనించండి. చేరకపోతే థర్మోస్టాట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుని ఉండిపోయి ఉండొచ్చు. ఇంజన్ చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

ప్రశ్న: దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందా?

జవాబు: మిగలదు, పైగా ప్రమాదం. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు కావాలి. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు దాన్ని ఆపేస్తాయి. ఇంజన్ వేగం ఐడ్లింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) దగ్గరికి పడ్డాకే మళ్లీ మొదలుపెడతాయి. సమతలం మీద కూడా అంతే. ముందు ఎర్ర లైటు కనిపించగానే కాలు తీసేయండి. చివరిదాకా తొక్కి బ్రేకు వేస్తే, ఆ వేగం కోసం తగలేసిన పెట్రోలంతా ప్యాడ్లలో వేడిగా పోతుంది.

ప్రశ్న: ఏసీ మేలా, కిటికీలు తీయడం మేలా?

జవాబు: ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు కిటికీలు, హైవే మీద ఏసీ. అయితే ఇంతకన్నా వేగం మీద దృష్టి పెట్టండి. 80 నుంచి 100కు పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సామాను లేనప్పుడు టాప్ మీది క్యారియర్ కూడా విప్పేయండి.