నాన్నకు చెప్పని చదువు

నరసాపురం దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"మా ఆయన కౌలుకి తీసుకుని రొయ్యల చెరువులు చేస్తారు. నేను ఇంట్లో లేసు అల్లుతాను. మాకు ఒక్కతే అమ్మాయి. ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఇంజనీరింగ్ వద్దంది. బెంగళూరులో ఇంటరాక్టివ్, డిజిటల్ మీడియా ఆర్ట్ చదువుతానని పట్టుబట్టింది. ఆర్ట్ అంటే ఆయన ఒప్పుకోరని, నేనూ పాలకొల్లులో ఉండే మా తమ్ముడూ కలిసి 'కంప్యూటర్ కోర్సు' అని చెప్పాం. మూడో ఏడు ఫీజుకి నా గాజులు తాకట్టు పెట్టాను. అదీ ఆయనకు తెలియదు. ఇప్పుడు నాలుగో ఏడు. భీమవరం సంబంధం ఒకటి వచ్చింది. ఆయన వాళ్లతో 'మా అమ్మాయి సాఫ్ట్‌వేర్' అని చెప్పేశారు. అమ్మాయి ఫోన్‌లో ఏడ్చింది, 'నేనేం చదివానో నాన్నకే తెలియకుండా నాకు పెళ్లెలా చేస్తారమ్మా' అని. మే నెలలో కాలేజీలో ప్రదర్శన ఉందట, నాన్న రావాలంటోంది. అది చేస్తున్నది మా చెరువు గురించేనట, ఏవో లైట్లు, కంప్యూటరు అంటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు రాత్రిళ్లు గట్టు మీద నాన్న మాటలు ఆయనకు తెలియకుండా ఫోన్‌లో రికార్డు చేసిందట. నాకు నిద్ర పట్టడం లేదు. చెప్పాలా? ఎలా చెప్పాలి? అసలు ఇది చదువేనా, దీంతో బతకగలదా? మా చెల్లెలి కొడుకు కూడా ఇదే చదువుతానంటున్నాడు. వద్దని చెప్పనా?"

అమ్మా, చెప్పాలి. అమ్మాయి చేత గానీ తమ్ముడి చేత గానీ చెప్పించకుండా మీరే చెప్పాలి. భీమవరం వాళ్లు పెళ్లిచూపులకు రాకముందే చెప్పాలి.

మీరు దాచింది అమ్మాయి కోసమే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఈ నాలుగేళ్లూ ఆ అబద్ధాన్ని మోసింది అమ్మాయే. పండక్కి ఇంటికి వచ్చి, నాన్న పక్కన కూర్చుని అన్నం తింటూ, "క్యాంపస్ సెలక్షన్లు ఎప్పుడమ్మా?" అని ఆయన అడిగితే తలొంచుకున్న పిల్లని ఒక్కసారి గుర్తు చేసుకోండి. తను రాత్రింబవళ్లు చేస్తున్న పని గురించి కన్నతండ్రితో ఒక్క ముక్క మాట్లాడలేకపోయింది. మీకు నిద్ర పట్టకపోవడం ఈ మధ్య మొదలైంది. ఆ పిల్లకి ఎన్నాళ్ల నుంచి పట్టడం లేదో అడగండి.

ఆయనకు చెప్పాలంటే ముందు మీకు తెలియాలి. 'ఏవో లైట్లు, కంప్యూటరు' అని మీరు రాసిన దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. గాజులు తాకట్టు పెట్టి మరీ చదివిస్తున్న మీకు కూడా ఆ చదువేమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదన్నమాట. నాకు తెలిసినంత నేను చెబుతాను.

గోడకు తగిలించిన పటం ఎవరు చూసినా ఒకేలా ఉంటుంది. మీ అమ్మాయి నేర్చుకుంటున్న కళ అలా ఉండదు. చూడ్డానికి వచ్చిన మనిషి నిలబడితే ఒకలా, కదిలితే ఇంకోలా మారుతుంది. మెక్సికోలో పుట్టిన రఫాయెల్ లోజానో హెమ్మర్ అనే కళాకారుడు 2006లో ఒక గది చేశాడు. పైకప్పు నిండా మామూలు బల్బులు వేలాడుతుంటాయి. వచ్చినవాళ్లు ఒక పిడి పట్టుకుంటే సెన్సర్ వాళ్ల నాడి అందుకుంటుంది, ఒక బల్బు వాళ్ల గుండె కొట్టుకున్నట్టే వెలిగి ఆరుతుంది. వాళ్లు చేయి వదిలేశాక ఆ గుండె చప్పుడు పక్క బల్బుకి జరుగుతుంది. ఆ గదిలో నిలబడితే మనకంటే ముందు వచ్చి వెళ్లినవాళ్ల గుండెలన్నీ తల మీద కొట్టుకుంటూ ఉంటాయి. దీన్ని చదువు కాదని ఎలా అంటాం?

ఇలాంటివి చేయడానికి బొమ్మలు వేయడం ఒక్కటే వస్తే చాలదు. కోడ్ రాయాలి, వైర్లు అతకాలి, సెన్సర్లు పని చేయించాలి. కళాకారులు తేలిగ్గా కోడ్ నేర్చుకోవాలని కేసీ రియాస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు 2001లో అమెరికాలోని ఎంఐటీలో ప్రాసెసింగ్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు, అది ఉచితం. 2005లో ఇటలీలో ఆర్డువినో అనే చిన్న సర్క్యూట్ బోర్డు వచ్చింది. అరచేతిలో పట్టే ఆ బోర్డుకి ఒక పక్క సెన్సర్, ఇంకో పక్క బల్బో మోటారో తగిలిస్తే, సెన్సర్ చెప్పినదాన్ని బట్టి బల్బు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది. మీ అమ్మాయి చేతిలో ఎప్పుడూ ఏదో ఒక బోర్డు, వైర్లు ఉంటాయని నేను పందెం కాయగలను.

మీ లేసు సంగతే చూడండి. ఇన్ని చైన్లు, ఒక మెలిక, మళ్లీ ఇన్ని చైన్లు, వరస తిరిగాక రెండు తగ్గించు అని లెక్క పెట్టుకుంటూ అల్లుతారు కదా. ప్రాసెసింగ్‌లో ఒక నమూనా గీయించాలంటే రాసే ఆదేశాలు దాదాపు అలాగే ఉంటాయి. ఈసారి అమ్మాయి ఫోన్ చేసినప్పుడు కోడ్ ఎలా రాస్తావో చెప్పమని అడగండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువే అర్థమవుతుంది.

ఆ లెక్కన మీరు చెప్పిన 'కంప్యూటర్ కోర్సు' అన్న మాట పూర్తిగా అబద్ధమూ కాదు. అయినా ఆయన ముందు దాన్ని అడ్డం పెట్టుకోకండి. ఆయన ఏమనుకోవాలని ఆ మాట వాడారో మీకు తెలుసు.

ఇక ఎలా చెప్పాలంటే, రోజు చూసుకుని చెప్పండి. రొయ్యలు పట్టి అమ్మే వారంలో వద్దు, చెరువుకి జబ్బు సోకిన రోజుల్లో వద్దు. మధ్యాహ్నం భోజనమయ్యాక, ఇంట్లో మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "ఏవండీ, అమ్మాయి చదువు గురించి నాలుగేళ్లుగా మీకు నిజం చెప్పలేదు. ఆర్ట్ అంటే మీరు ఒప్పుకోరని భయపడి కంప్యూటర్ కోర్సు అన్నాను. తప్పు నాది, దానిది కాదు." ఇంతకన్నా ముందుమాట అవసరం లేదు. గాజుల సంగతి కూడా ఆ కూర్చునే చెప్పేయండి. సగం ఇవాళ, సగం నెల తర్వాత చెబితే, ఇంకేం దాచారో అని ఆయన జీవితాంతం వెతుక్కుంటూనే ఉంటారు.

ఆయనకు కోపం వస్తుంది. నేను చూసినంతవరకు ఇలాంటప్పుడు మగవాళ్లకి కోపం చదువు మీద వచ్చేది తక్కువ. "అందరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారు" అన్న బాధ ఎక్కువ. తమ్ముడికి తెలుసు, భార్యకి తెలుసు, ఫీజు కట్టిన తనకే తెలియదు. ఆ మాట ఆయన అంటే ఎదురు చెప్పకండి, అది నిజం. నాలుగు రోజులు మాట్లాడకపోయినా అన్నం పెట్టండి, మీ పని చేసుకోండి. ఆయన చెయ్యి చేసుకుంటారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అలాంటి భయం ఏమాత్రం ఉన్నా ఒంటరిగా చెప్పకండి. ఇంట్లో ఒక పెద్దవాళ్లని ఉంచుకోండి, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు దగ్గర పెట్టుకోండి.

భీమవరం సంబంధం వాళ్లకి మాత్రం ఆయన చేతే నిజం చెప్పించాలి. "పొరపాటుగా చెప్పాను, అమ్మాయి చదివింది డిజిటల్ మీడియా ఆర్ట్" అంటే అయిపోతుంది. అది విని వెనక్కి పోయే సంబంధం పెళ్లయ్యాక తెలిస్తే ఏం చేసేదో ఆలోచించండి. అన్నిటికంటే ముందు, అసలు ఇప్పుడు పెళ్లి ఇష్టమో కాదో అమ్మాయిని అడిగారా? ఉత్తరంలో ఆ మాట కనిపించలేదు.

రికార్డు చేసిన మాటల విషయంలో నేను అమ్మాయి పక్షాన లేను. తను చేస్తున్నది ఏమిటో మీరు విడిగా రాసిన కాగితం చదివాను, చదివి చాలా కదిలిపోయాను. చీకటి గదిలో దీపాలు. వాళ్ల నాన్న నోటుపుస్తకంలో రాసుకున్న డీఓ, అంటే చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లెక్కల ప్రకారం సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా అవి మెల్లగా మసకబారతాయి. ఎవరైనా వచ్చి గట్టులా కట్టిన అరుగు మీద నిలబడితే నీళ్లకు గాలి ఎక్కించే ఏరేటర్ చప్పుడు మొదలై దీపాలు పుంజుకుంటాయి. దిగి వెళ్లిపోతే మళ్లీ మసక. పగలు ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని ప్లాంక్టన్ అనే సన్నటి నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అయ్యేసరికి అదీ రొయ్యా కలిసి ఉన్నది తినేస్తాయి, తెల్లవారబోయే ముందు చెరువు ఊపిరికి కొట్టుకుంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే పంటంతా తేలిపోతుంది. ఆ గది చూసే ప్రొఫెసర్లకి ఇదంతా వివరించి చెప్పాలి. మీ ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ దీపం ఎందుకు తగ్గుతోందో, అప్పుడు మనిషి కడుపులో ఏమవుతుందో ఆయనకు తెలిసినంత ఆ కాలేజీలో ఎవరికీ తెలియదు.

అయితే ఆ చప్పుళ్ల మధ్య ఆయన గొంతు పెట్టాలనుకుంటోంది. "మూడో ఏరేటర్ తిప్పరా" అన్న మాటైతే ఎవరూ నొచ్చుకోరు. కానీ ఆయన ఒంటరిగా గట్టు మీద కూర్చుని అప్పుల లెక్క తనలో తాను అనుకున్న మాటలు కూడా అందులో ఉన్నాయని రాశారు. చీకట్లో ఎవరూ వినడం లేదనుకుని ఒక మనిషి అనుకున్న మాటలు అవి. కూతురైనా సరే, అడగకుండా నలుగురి ముందు పెట్టే హక్కు లేదు. అమ్మాయి ఇంటికి వచ్చి ఆయనకు వినిపించాలి, "పెట్టమంటావా నాన్నా" అని అడగాలి. వద్దంటే తీసేయాలి, మారు మాట్లాడకుండా. ఆయనకు తెలియకుండా ఆ ఇంట్లో ఇప్పటికే చాలా జరిగాయి.

బతుకుతెరువు సంగతి దాచకుండా చెబుతాను. గ్యాలరీలో పెట్టే కళ ఒక్కదానితో మొదటి ఏళ్లలో గది అద్దె కూడా రావడం కష్టం. ఇంజనీరింగ్ కాలేజీల్లోలా కంపెనీలు గుంపుగా వచ్చి ఉద్యోగాలిచ్చి పోవడం ఈ చదువులో తక్కువ. చేసిన పనులన్నీ కలిపి పోర్ట్‌ఫోలియో చూపించి, ఒక్కొక్క చోటా తలుపు తట్టాలి. తట్టే తలుపులు మాత్రం ఉన్నాయి: యాప్‌ల తెరలు రూపొందించే యూఎక్స్ పని, హైదరాబాద్, బెంగళూరుల్లో గేమ్ కంపెనీలు, మ్యూజియంలు, ఎగ్జిబిషన్లు, పెద్ద వేడుకల్లో గోడల మీద ప్రొజెక్షన్ చేసేవాళ్లు. పై చదువు కావాలంటే ఐఐటీ బొంబాయి నిర్వహించే సీఈఈడీ పరీక్షతో ఐఐటీల్లో ఎం.డెస్ అనే డిజైన్ పీజీ ఉంది, గాంధీనగర్ ఎన్ఐడీలో (జాతీయ డిజైన్ సంస్థ) న్యూ మీడియా డిజైన్ ఉంది. వచ్చే ఏడాది ఏం చేయబోతోందో, నెలకి ఎంత ఖర్చో, ఎక్కడెక్కడ అప్లై చేస్తోందో అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించండి. మీ ఆయన కౌలుకి పెట్టుబడి లెక్క వేసే మనిషి. లెక్క చూస్తే ఆయన మాట్లాడతారు.

బంధువులు "బొమ్మల చదువు మన వైపు ఎవరు చదివారు" అంటారేమోనని మీకు భయం ఉండొచ్చు. 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు ఆ చదువు కోసమే బొంబాయి జేజే స్కూల్‌కి వెళ్లారు. 30 ఏళ్లు నిండకుండానే, 1925లో పోయారు. ఆయన చిత్రాలు ఇప్పటికీ రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి, మీకు బస్సు దూరమే. బొమ్మల బాపు పుట్టింది మీ నరసాపురంలోనే, ఆయన చదివింది మాత్రం లా.

మీ చెల్లెలి కొడుకుని వద్దనకండి, తొందరగా సరే అనకండి. ప్రాసెసింగ్ డౌన్‌లోడ్ చేసుకుని మూడు నెలలు తనంతట తానే ఏదైనా చేసి చూపించమనండి. ఆ మూడు నెలల తర్వాత కూడా కావాలంటే బి.డెస్ అనే డిజైన్ డిగ్రీకి పెట్టే యూసీడ్ ప్రవేశ పరీక్ష రాయించండి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు, వరసగా రెండేళ్లలో రెండుసార్లే రాయనిస్తారు. ఐఐటీ హైదరాబాద్ బి.డెస్ సీట్లు దాని ద్వారానే ఇస్తారు. మన రాష్ట్రంలో ఎన్ఐడీ కూడా 2015 నుంచి ఉంది. ఏ కాలేజీ అయినా సరే, వాడి నాన్నకి కోర్సు పేరు మొదటి రోజే చెప్పమనండి.

ప్రదర్శనకి ఆయన వస్తానంటే ఒక ఇబ్బంది మిగులుతుంది. రెండు రాత్రులు చెరువు వదిలి రావడం ఆయనకు ప్రాణం పోయినంత పని. కాబట్టి ఇప్పుడే మీ తమ్ముడికి ఫోన్ చేయండి. నాలుగేళ్ల క్రితం మీతో కలిసి ఆ మాట చెప్పినవాడు, ఈ రెండు రాత్రులు పాలకొల్లు నుంచి వచ్చి మీ గట్టు మీద పడుకోవాలి. తెల్లవారుజామున 3 గంటలకి లేచి డీఓ చూసి, ఆ అంకె బెంగళూరుకి ఫోన్ చేసి చెప్పాలి. అది అందితేనే మీ ఆయన ఆ గదిలో నిలకడగా నిలబడగలరు.