ఆఫీసులో తీసిన తల్లిపాలు ఇంటికి ఎలా తెచ్చేది?

చెల్లీ, చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ బస్సులో వెళ్లొస్తున్నానని, ఆఫీసులో తీసిన పాలపైన మీగడలా తేలితే విరిగాయని అత్తగారు పారబోస్తున్నారని రాశావు కదా, అది విరగడం కాదు, కొవ్వు పైకి తేలడమే, సీసాను మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. పుల్లటి వాసన వస్తే మాత్రం పట్టొద్దు.

నాకు టెన్షనల్లా మన ఎండ. తీసిన పాలు బయట 4 గంటలు ఉంటాయనే లెక్క 25 డిగ్రీల లోపు గదికి, తిరుపతి మే నెలకు కాదు. తీసిన వెంటనే ఆఫీసు ఫ్రిజ్‌లో లోపలికి, వెనకవైపు పెట్టు (డోర్‌లో వద్దు), వచ్చేటప్పుడు గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లు పెట్టిన కూలర్ బ్యాగులో తెచ్చుకో, ఐస్ ప్యాక్‌లు కరగకుండా ఉంటే పాలు అందులో 24 గంటల దాకా ఉంటాయి. ఇంటి ఫ్రిజ్‌లో 4 రోజులు, సీసా మీద తేదీ, టైమ్ రాసి పెట్టు. వెచ్చబెట్టాలంటే వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టు, మైక్రోవేవ్ అస్సలు వద్దు. పాప తాగగా మిగిలినవి 2 గంటలు దాటితే పారబోయాల్సిందే, అప్పుడు మాత్రం అత్తగారికి అడ్డు చెప్పకు.