అప్పీలు తేలకముందే ఆ డబ్బుతో ప్లాటు కొనొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. మా ఆయన వడ్రంగి పని చేసేవారు. 2019 చివర్లో బైకు మీద వస్తుంటే లారీ గుద్ది చనిపోయారు, అప్పటికి ఆయన వయసు 34. నేను, ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ కలిసి 2020 జూన్‌లో కేసు వేశాం. ట్రైబ్యునల్ (యాక్సిడెంట్ నష్టపరిహారం కేసులు చూసే కోర్టు) 24,96,200 రూపాయలు, కేసు వేసిన రోజు నుంచి 7.5 శాతం వడ్డీతో ఇవ్వమంది. నాకు 40 శాతం, పిల్లలకు చెరో 25, అత్తమ్మకు 10 శాతం వాటా. ఇన్సూరెన్స్ కంపెనీ హైకోర్టులో అప్పీలు వేసింది. నెలకు 12,000 సంపాదన అనడానికి రుజువు లేదని, యాక్సిడెంట్‌లో మా ఆయన తప్పు కూడా ఉందని వాళ్ల వాదన. సగం డిపాజిట్ చేస్తేనే స్టే అని కోర్టు చెప్పడంతో 2025 జూన్‌లో 17 లక్షల చిల్లర కట్టారు. అందులో నా వాటాలో సగం, 3,43,000 నా ఖాతాలో పడింది. మిగతా సగం, పిల్లల డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీ చేశారు. నేను బట్టలు కుడతాను, నెలకు 11,000 దాకా వస్తుంది. బంగారం మీద 80,000 లోను ఉంది, డ్వాక్రా లోను కొంచెం ఉంది. ఇప్పుడు మా అన్నయ్య ఒక వెంచర్‌లో 12 లక్షల ప్లాటు చూశాడు. 3 లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుందాం, మిగతా 9 లక్షలు 11 నెలల్లో అప్పీలు డబ్బు రాగానే కడదాం, ఆలస్యమైతే తెలిసినవాళ్లు మూడు రూపాయల వడ్డీకి ఇస్తారు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి. మీ అన్నయ్య మీ మంచి కోరే చెబుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆయన లెక్కలో పెద్ద పొరపాటు ఉంది, అది కాగితం మీద వేసి చూస్తే మీకే కనిపిస్తుంది.

అప్పీలు అంటే చాలామంది "ఇస్తారా, కొట్టేస్తారా" అని ఆలోచిస్తారు. యాక్సిడెంట్ కేసుల్లో ఎక్కువగా అలా జరగదు. హైకోర్టులో ఎం.ఏ.సి.ఎం.ఏ. అని నంబరు పడే ఈ అప్పీళ్లలో జడ్జి గారు ట్రైబ్యునల్ వేసిన లెక్కను ఒక్కో అంకె పట్టుకుని మళ్లీ చూస్తారు. సంపాదన ఎంత, భవిష్యత్తులో పెరిగేది ఎంత, సొంత ఖర్చుకు ఎంత తీసేయాలి, వయసును బట్టి ఏడాది నష్టాన్ని ఎన్నింటితో హెచ్చించాలి (దీన్నే మల్టిప్లయర్ అంటారు), తప్పు ఎవరిది ఎంత. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో ఈ లెక్కకు పద్ధతి ఖాయం చేసింది, తెలంగాణ హైకోర్టయినా అమరావతిలోని హైకోర్టయినా ఆ పద్ధతిలోనే వెళ్తాయి. కాబట్టి తీర్పు ఎప్పుడొస్తుందో చెప్పలేకపోయినా, ఎంతకీ ఎంతకీ మధ్య రావచ్చో మనం ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు.

మీ ట్రైబ్యునల్ లెక్క ఇలా వచ్చింది. నెలకు 12,000. సొంత పని చేసుకునే మనిషి, 40 ఏళ్ల లోపు, కాబట్టి 40 శాతం కలిపితే 16,800. ఏడాదికి 2,01,600. ఆయన మీద ఆధారపడినవాళ్లు నలుగురు గనుక సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 1,51,200. వయసు 31 నుంచి 35 మధ్య అయితే 16తో హెచ్చించాలి, అంటే 24,19,200. దానికి దహన ఖర్చులు, ఆస్తి నష్టం, భర్త తోడు కోల్పోయినందుకు మీకిచ్చింది కలిపి 77,000. మొత్తం 24,96,200. అణా పైసలతో సరిపోయింది.

ఇప్పుడు కంపెనీ అడిగినవన్నీ కోర్టు ఒప్పుకుందనుకుందాం. సంపాదన 12,000 కాదు, 9,000 అని తీసుకుంటే ఇదే లెక్కలో 18,14,400 వస్తుంది, 77,000 కలిపితే 18,91,400. దాని మీద మీ ఆయన తప్పు 20 శాతం అని కోసేస్తే మిగిలేది 15,13,120. అంటే ట్రైబ్యునల్ ఇచ్చిన దానికీ దీనికీ దాదాపు 10 లక్షల తేడా. (9,000, 20 శాతం నేను గట్టి దెబ్బగా ఊహించి వేసినవి. లారీ డ్రైవర్ మీద పోలీసులు ఛార్జిషీటు వేసి ఉంటే ఆ 20 శాతం వాదన అంత సులభంగా నిలబడదు, అది మీ వకీలు గారికి బాగా తెలుస్తుంది.)

భయపడకండి, ఇందులోనే మీకు ధైర్యం ఇచ్చే విషయం కూడా ఉంది. ఆ 15,13,120కి 7.5 శాతం చొప్పున ఐదేళ్ల వడ్డీ 5,67,420 కలిపితే 20,80,540. కోర్టు వడ్డీ కూడా తగ్గించి 6 శాతమే ఇచ్చినా 19,67,056. కంపెనీ ఇప్పటికి కట్టింది 17,16,000 చిల్లర. అంటే నేను వేసిన ఈ గట్టి దెబ్బ లెక్కలో కూడా కంపెనీయే మీకు ఇంకా కొంత ఇవ్వాలి. అప్పీల్లో మొత్తం తగ్గి, అప్పటికే ఎక్కువ తీసుకుని ఉంటే, తీసుకున్నది తిరిగి కట్టమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 144 సెక్షన్ కింద అడగవచ్చు. చాలామందిని ఈ భయమే నిద్రపోనివ్వదు. మీ ఖాతాలో పడిన 3,43,000 విషయంలో ఆ ప్రమాదం తక్కువ. కాబట్టి ఆ డబ్బు వాడుకోవచ్చు, దాచిపెట్టి ముట్టుకోకుండా ఉండాల్సిన పని లేదు.

రావాల్సిన మిగతా డబ్బు దగ్గరే అసలు చిక్కు. పైన చెప్పిన కనిష్ఠ లెక్కలో కుటుంబం మొత్తానికి ఇంకా వచ్చేది రెండున్నర నుంచి మూడు లక్షల అరవై నాలుగు వేలు. అందులో మీ 40 శాతం అంటే లక్ష నుంచి లక్షా నలభై ఆరు వేలు. అప్పీలు పూర్తిగా మీవైపే వచ్చిందనుకున్నా మొత్తానికి వచ్చేది మరో 17 లక్షల చిల్లర, ఆ పైన కట్టని సగం మీద ఏడాదికి సుమారు 93,600 వడ్డీ. అందులో మీ వాటా 6,86,000 దగ్గర మొదలవుతుంది. మీ అన్నయ్య 17 లక్షలూ మీవే అనుకుని 9 లక్షల మాట ఇస్తున్నారు. పిల్లల 50 శాతం మీది కాదమ్మా, అది వాళ్లకు 18 ఏళ్లు నిండేదాకా బ్యాంకులోనే ఉంటుంది, కోర్టు ఆర్డరు లేకుండా ఆ ఎఫ్‌డీ మీద లోను కూడా ఇవ్వరు. అత్తమ్మ 10 శాతం అత్తమ్మది. అంటే అప్పీలు పూర్తిగా గెలిచినా, 11 నెలల్లోనే తీర్పు వచ్చినా, 9 లక్షలు రావాలంటే ఎఫ్‌డీలో ఉన్న మీ సగం కూడా కోర్టును అడిగి తీసి, దాదాపు అంతా ఊడ్చి పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు వేరే. 11 నెలల్లో తేలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు కూడా.

ఇక మూడు రూపాయల వడ్డీ. నూటికి నెలకు మూడు అంటే ఏడాదికి 36 శాతం. మీకు కోర్టు ఇచ్చేది 7.5 శాతం, అదీ బారువడ్డీ, వడ్డీకి వడ్డీ ఉండదు. 2 లక్షలు తెచ్చినా నెలకు 6,000 కట్టాలి, మీ కుట్టుపని సంపాదనలో సగానికి పైగా అక్కడికే పోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం అచ్చం ఇలాగే అప్పీలు డబ్బును నమ్ముకుని అగ్రిమెంటు చేసుకుంది. గడువు దాటింది, అడ్వాన్సు పోయింది, తెచ్చిన అప్పు మాత్రం మిగిలింది. తీర్పు తర్వాత మంచిగానే వచ్చింది, కానీ వచ్చిన డబ్బు వడ్డీ వ్యాపారికే చాలలేదు. ఆ తల్లి ముఖం నాకు ఇంకా గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చేతిలో ఉన్న 3,43,000తో నేనైతే ముందు 80,000 పెట్టి బంగారం విడిపిస్తాను. అది మీ ఇంట్లో ఉంటే రేపు నిజంగా అవసరం పడినప్పుడు ఒక్కరోజులో పని జరుగుతుంది. డ్వాక్రా లోను వడ్డీ తక్కువ, కిస్తీలు సరిగ్గా కడితే వడ్డీ రాయితీ కూడా ఉంటుంది, దాన్ని అలాగే నడవనివ్వండి. 90,000 మీ సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే చిన్న ఎఫ్‌డీలోనో ఉంచండి, పిల్లలకు జ్వరం వచ్చినా మిషను పాడైనా అప్పు కోసం ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. 1,50,000 పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో వేయండి. 2025లో దాని వడ్డీ 7.4 శాతం, ఆ లెక్కన నెలకు 925 వస్తుంది. చిన్న మొత్తమే, కానీ కరెంటు బిల్లు దానితో గడుస్తుంది. మిగిలిన 23,000లో మీ పేరు మీద ప్రధానమంత్రి జీవన జ్యోతి (ఏడాదికి 436 రూపాయలు), సురక్షా బీమా (20 రూపాయలు) ఈ వారమే బ్యాంకులో రాయించండి, ఒక్కోదానికి 2 లక్షల కవరు. ఆ ఇంట్లో ఇప్పుడు సంపాదించేది మీరొక్కరే. మీ పిల్లల్లో పాప ఉండి, తనకు పదేళ్లు నిండలేదంటే ఆడపిల్లల పొదుపు పథకమైన సుకన్య ఖాతా కూడా తెరవండి, ఏడాదికి కనీసం 250 వేసినా ఖాతా నిలబడుతుంది, తర్వాత వీలును బట్టి పెంచుకోవచ్చు. పదేళ్లు దాటితే తెరవడం కుదరదు.

ఎఫ్‌డీలో ఉన్న మీ సగం, పిల్లల డబ్బు, వీటి వడ్డీ నెలనెలా మీ ఖాతాలో వేయమని, పిల్లల చదువుకు అవసరమైనప్పుడు కొంత తీసుకోనివ్వమని కోర్టులో పిటిషన్ వేయవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియక స్కూలు ఫీజుకు అప్పు చేస్తారు.

టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే ముందుగా కోసే ఆదాయపు పన్ను, దాని సంగతి కూడా చూడండి. 2025లో డిపాజిట్ చేసేటప్పుడు వడ్డీ 50,000 దాటితే 10 శాతం, పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోసే నిబంధన ఉండేది. మీ పేరు మీద కోసిన పన్ను చూపే ఫారం 26ఏఎస్ తీయించి, కోసి ఉంటే ఆ ఏడాది రిటర్న్ వేసి వెనక్కి అడగండి. మీ ఆదాయానికి ఆ డబ్బు చాలావరకు తిరిగి రావాలి.

లోక్ అదాలత్ మాట వస్తే వెంటనే కాదనకండి. అక్కడ రాజీ కుదిరితే దాని మీద మళ్లీ అప్పీలు ఉండదు, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడికి వెళ్లేముందు ఈ రెండు అంకెలు చీటీ మీద రాసుకుని వెళ్లండి, 15,13,000, 24,96,000. అసలు 21 లక్షల పైన, వడ్డీ వేరే అని ఒప్పుకుంటే నా లెక్కలో అది మంచి రాజీ. 17 దగ్గర ఆపాలని చూస్తే, అలసిపోయి "ఏదో ఒకటి" అనేయకండి, మీకు ఇప్పుడు నెల గడిచే దారి ఉంది, ఆగగలరు.

వకీలు ఫీజు వచ్చిన డబ్బులో ఇంత శాతం అని ఎవరైనా అడిగితే, బార్ కౌన్సిల్ నిబంధనలు దానికి ఒప్పుకోవని తెలుసుకోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఉచితంగా వకీలును ఇస్తారు, హైకోర్టులో కూడా.

ఇక ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. 77,000లో మీకు భర్త తోడు పోయినందుకే ఇచ్చారు. తండ్రిని కోల్పోయిన పిల్లలకు, కొడుకును కోల్పోయిన తల్లికి కూడా విడిగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018లో మాగ్మా ఇన్సూరెన్స్ కేసులో చెప్పింది. ఒక్కొక్కరికి 44,000 అనుకున్నా ముగ్గురికి 1,32,000. కానీ కంపెనీ వేసిన అప్పీల్లో మీరు ఊరికే జవాబు చెప్పుకుంటూ కూర్చుంటే ఇది అడిగినట్టు కాదు, మీ తరఫున క్రాస్ అబ్జెక్షన్స్, అంటే అదే అప్పీల్లో మీకు రావాల్సింది మీరు ఎదురు అడిగే కాగితం, వేయాలి. నోటీసు అందిన నెలలోగా వేయాలన్నది నియమం, ఆలస్యమైతే కారణం చెప్పి గడువు అడగవచ్చు. మీ వకీలు గారికి ఫోన్ చేసి రెండే అడగండి, మనకు హైకోర్టు నోటీసు ఏ తారీఖున అందింది, క్రాస్ అబ్జెక్షన్స్ వేశారా లేదా. వేయలేదంటే వకాలత్ కాగితాలు, ట్రైబ్యునల్ తీర్పు కాపీ పట్టుకుని మీరే ఒకసారి ఆయన ఆఫీసుకు వెళ్లి రండి, వెంట మీ అన్నయ్యను కూడా తీసుకెళ్లండి.