మామగారి గంజీఫా పెట్టె: 45 వేలకు ఇచ్చేయవచ్చా?

ప్రశ్న: మాది నిర్మల్. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారికి చిన్న స్టేషనరీ షాపు ఉంది. నాలుగేళ్ల కిందట పోయిన మా మామగారి గదిలో రంగులు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉంది. అందులో గుండ్రటి బొమ్మల పేకముక్కలు 93 ఉన్నాయి. అవి తన తాతగారి నాటివని ఆయన చెప్పేవారు. హైదరాబాద్ నుంచి వచ్చిన పాత వస్తువుల వ్యాపారి 45 వేలు నగదు ఇస్తానన్నాడు, శనివారంలోపు చెప్పమన్నాడు. అమెరికాలో ఉన్న మా మరిది మాత్రం ఇలాంటివి లండన్‌లో లక్షలు పలుకుతున్నట్టు ఇంటర్నెట్‌లో చూశానని, వచ్చే నెల ఇంటికొచ్చినప్పుడు తీసుకెళ్లి అక్కడ అమ్ముతానని అంటున్నాడు. మా అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చింది, నెలాఖరులోగా 1.3 లక్షలు కట్టాలి. మాకున్నది 2 లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. దాన్ని కదపొద్దని మావారి పట్టుదల. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ పెట్టెను శనివారం వ్యాపారి చేతిలో పెట్టకండి, వచ్చే నెల మీ మరిది సూట్‌కేసులోనూ పెట్టకండి. ఈ రెండింటికీ కారణాలు వేరు. అవి చెప్పే ముందు ఫీజు సంగతి తేల్చేద్దాం. ఆ టెన్షన్ తీరితే తప్ప మీరు ఈ పెట్టె గురించి నెమ్మదిగా ఆలోచించలేరు.

ఎఫ్‌డీని కదపక్కర్లేదు. అదే బ్యాంకులో ఆ ఎఫ్‌డీ మీద లోన్ అడగండి. మామూలుగా డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తారు, అంటే మీకు 1.8 లక్షల వరకు దొరుకుతుంది. వడ్డీ మీ ఎఫ్‌డీకి వచ్చేదానికంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ ఉంటుంది. డిపాజిట్ మీద మీ వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది కాబట్టి మీ మీద నిజంగా పడే భారం ఆ తేడా మాత్రమే. 1.3 లక్షల మీద రెండు శాతమంటే ఏడాదికి 2,600 రూపాయలు. పెట్టెను తొందరపడి అమ్మకుండా ఆగడానికి మీరు కట్టే ఖరీదు అదే. రెండో ఏడాది ఫీజు నుంచి ఎడ్యుకేషన్ లోన్ చూసుకోండి. ఆ పనిని కాలేజీ తెరిచిన నెలలోనే మొదలుపెట్టండి.

ఇక పెట్టె. మీ దగ్గరున్నవి గంజీఫా ముక్కలు, అంటే చేతితో బొమ్మలు వేసిన పాతకాలపు గుండ్రటి పేకముక్కలు. 1527లో సింధ్‌లో ఉన్న షా హసన్‌కు గంజీఫా పంపించినట్టు బాబరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. మన దేశంలో ఈ ఆట గురించి దొరికే తొలి ప్రస్తావనల్లో అదొకటి. తర్వాత ఈ ఆట దర్బారుల నుంచి ఊళ్లలోకి వచ్చింది. సావంత్‌వాడి, బిష్ణుపూర్, మైసూరు, ఒడిశా ఊళ్లతో పాటు మీ నిర్మల్ కూడా ఈ ముక్కలు తయారైన చోటే. కొయ్యబొమ్మలకూ పెయింటింగులకూ పేరున్న మీ నకాషీ చిత్రకారుల చేతి పని ఇందులోనూ ఉంది. కాబట్టి మీ మామగారి మాటను కొట్టిపారేయలేం. అలాగని ఆ మాట ఒక్కటే రుజువూ కాదు.

ధర గురించి ఎవరితోనైనా మాట్లాడే ముందు మీరు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని ఒకటుంది. శుభ్రమైన పొడి దుప్పటి పరిచి, ముక్కలను గుర్తులవారీగా విడదీయండి. మొఘల్ పద్ధతి గంజీఫాలో ఎనిమిది గుర్తులు ఉంటాయి: కిరీటం, వెండినాణెం, కత్తి, సేవకుడు, వీణలాంటి వాద్యం, బంగారు నాణెం, పత్రం, సరకు. ఒక్కో గుర్తుకు 12 ముక్కలు: ఒకటి నుంచి పది వరకు అంకెలవి, ఆ పైన మంత్రి, రాజు. మొత్తం 96. మీ ముక్కలు ఈ రకమైతే మూడు తక్కువ ఉన్నాయి. అలా కాకుండా చేప, తాబేలు, వరాహం కనిపిస్తే అది దశావతార గంజీఫా. పది గుర్తులు, 120 ముక్కలు. అప్పుడు తక్కువైనవి 27. మూడుకూ ఇరవై ఏడుకూ ధరలో చాలా తేడా ఉంటుంది. పోయినవి ఏవన్నది కూడా ముఖ్యమే. నాలుగో అంకె ముక్క పోతే ఒక లెక్క. ఏనుగు మీదో సింహాసనం మీదో ఉన్న రాజు పోతే ఇంకో లెక్క, ఎందుకంటే చిత్రకారుడి పనితనమంతా కనిపించేది రాజు, మంత్రి ముక్కల్లోనే. పెట్టె అడుగున, అటక మీద, మామగారి పాత పుస్తకాల మధ్య ఒకసారి వెతకండి. విడిగా ఒక ముక్క దొరికితే దానికి పెద్ద ధర ఉండకపోవచ్చు. అదే మీ సెట్టులో పోయిన ముక్కే అయితే దాని విలువ వేరు.

సెట్టు నిండుగా ఉండడానికి సేకర్తలు ఎంత విలువ ఇస్తారో చెప్పే సంగతి ఒకటుంది. 1978లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక వ్యాపారి 52 పాత పేకముక్కల కట్టను 2,800 డాలర్లకు కొన్నాడు. అది 15వ శతాబ్దంలో చేతితో చిత్రించినదని, ఒక్క ముక్క కూడా పోకుండా నిలిచిందని ఆ తర్వాత తేలింది. 1983లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాన్ని 1,43,000 డాలర్లకు కొన్నది. అవే ముక్కలు, అవే రంగులు. ఐదేళ్లలో మారింది వాటి గురించి తెలిసిన సమాచారం మాత్రమే. మీ పెట్టెకూ అంత వస్తుందని ఈ సంగతి చెప్పడం లేదు. అలా ఆశ పెట్టుకోవద్దు కూడా. ఏమిటో తెలియని వస్తువుకు ధర ఒప్పుకుంటే, తెలిసినవాడికే ఆ తేడా మిగులుతుందని చెప్పడానికే దీన్ని ఎత్తాను.

తర్వాత చూడాల్సింది దేనితో చేశారన్నది. ఇది ధర కోసమే కాదు, చట్టం కోసం కూడా. గంజీఫాలో రెండు తరగతులు ఉండేవి. సామాన్యులు ఆడుకునేవి బజార్ కలం. పాత గుడ్డనో కాగితాన్నో పొరలుగా అతికించి, పైన సుద్ద పూసి, రంగులు వేసి, లక్క పూత పూసేవారు. చాలాచోట్ల అతికించడానికి చింతగింజల జిగురే వాడేవారు. సంపన్నుల కోసం చేసినవి దర్బార్ కలం. వాటిలో ఏనుగు దంతం, తాబేలు చిప్ప కూడా వాడేవారు. మీ ముక్కలు దంతంతో చేసినవైతే వాటిని అమ్మడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దంతపు వస్తువుల వ్యాపారం నిషిద్ధం, తాతల నాటివైనా సరే. అప్పుడు ఎవరికీ ఫోటోలు పంపకుండా ముందు లాయర్‌ను కలిసి, అటవీ శాఖ దగ్గర ఏం చేయాలో తెలుసుకోండి. సూదిని కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినొద్దు, ముక్క పాడవుతుంది.

గుడ్డ, కాగితం ముక్కలైతే ఆ ఇబ్బంది లేదు. అప్పుడు వయసు ముఖ్యమవుతుంది. వందేళ్లు దాటిన కళావస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువుగా చూస్తుంది. అలాంటివాటిలో కొన్ని తరగతులను భారత పురావస్తు శాఖ రిజిస్టరింగ్ ఆఫీసర్ దగ్గర తప్పనిసరిగా నమోదు చేయించాలి. చిత్రాలు ఆ తరగతుల్లో ఉన్నాయి. మీ ముక్కలు అందులోకి వస్తాయో రావో ఆఫీసర్ దగ్గరే రాతపూర్వకంగా తెలుసుకోండి. నమోదు చేస్తే వస్తువును లాక్కుపోతారని ఊళ్లలో ఒక భయం ఉంది. నమోదైన వస్తువుకు యజమాని మీరే. దేశంలో అమ్ముకోవచ్చు కూడా, చేతులు మారినప్పుడు ఆఫీసర్‌కు తెలియజేయాలి, అంతే. పైగా కాగితం ఉన్న వస్తువునే మంచి కొనుగోలుదారు ధైర్యంగా కొంటాడు. ఇలాంటివి కొని అమ్మే వ్యాపారికి మాత్రం లైసెన్సు ఉండాలి. మిమ్మల్ని శనివారం వరకే ఆగుతానన్న పెద్దమనిషిని ఆ లైసెన్సు చూపించమనండి.

మీ మరిది గురించి. ఆయన మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఆ పని చేస్తే విమానాశ్రయంలో దొరికేది ఆయనే. వందేళ్లు దాటిన వస్తువును వ్యక్తులు దేశం బయటికి తీసుకెళ్లడానికి వీల్లేదు. దానికి ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. వందేళ్లు నిండలేదని నమ్మకముంటే, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ తీసుకున్నాకే ప్రయాణం.

ఆయన చూసిన లండన్ ధర గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఎప్పుడో దేశం దాటిపోయిన సెట్టును అక్కడ ప్రపంచంలో ఎవరైనా కొనవచ్చు. నిర్మల్‌లో ఉన్న మీ సెట్టును మన దేశంలో ఉంచుకునేవారే కొనగలరు. కొనేవాళ్లు తగ్గితే ధర తగ్గుతుంది. పైగా ఇంటర్నెట్‌లో కనిపించేవాటిలో చాలా వరకు అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. అమ్ముడుపోయిన ధరలు వేరు, అందులోంచి వేలం సంస్థ కమిషన్ పోగా అమ్మినవారి చేతికొచ్చేది ఇంకా వేరు. అందుకే మన దేశంలో జరిగిన వేలాల ఫలితాలు చూడండి. సాఫ్రన్‌ఆర్ట్, ఆస్టాగురు, పండోల్స్ లాంటి సంస్థలు పాత అమ్మకాల ధరలు బయటపెడతాయి. ధర కనీసం ఎంత ఉండాలో తెలియడానికి మరో దారి ఉంది. సావంత్‌వాడి రాజభవనంలో ఇప్పటికీ గంజీఫా చేతితో వేసి అమ్ముతున్నారు. 2024లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి ప్రత్యేక ఉత్పత్తి అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. ఈ రోజు అలాంటి కొత్త సెట్టు ఎంతో కనుక్కోండి. వందేళ్ల సెట్టుకు దానికి దగ్గర్లో ధర చెబుతున్నవాడితో బేరం అక్కర్లేదు.

మా మేనత్తగారింట్లో జరిగింది చెబుతాను. వాళ్లకూ ఇలాంటి సెట్టే ఉండేది. ఒకాయన వచ్చి ఫ్రేము కట్టించుకోవడానికని రాజు ముక్కలు మాత్రం ఎనిమిదీ ఏరుకుని మంచి డబ్బే ఇచ్చాడు. మిగిలిన 88 ముక్కలను ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. పిల్లలు ఆడుకుంటూ పోగొట్టారు. నేను అప్పుడు కాలేజీలో ఉన్నాను, చూస్తూ ఊరుకున్నాను. ఆ ఎనిమిదింటికి వచ్చిన డబ్బు ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఎవరు ఎంత ఇస్తామన్నా సెట్టును విడదీయకండి. పెట్టెను కూడా విడిగా అమ్మకండి, అదే ఆ ముక్కల ఇల్లు, దాని మీది బొమ్మలు ఎక్కడ చేశారో గుర్తుపట్టడానికి పనికొస్తాయి. తడిగుడ్డతో తుడవడం, వార్నిష్ వేయించడం, లామినేషన్, రబ్బరుబ్యాండ్లు ఏవీ వద్దు. మెరిసేలా చేస్తే ధర పెరుగుతుందనుకుని చాలామంది పాడుచేసుకుంటున్నారు.

ప్రతి ముక్కనూ రెండువైపులా, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. మామగారి మాటలను ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న వివరాలతో అత్తగారి చేత చెప్పించి రాసుకోండి. తాతగారి పేరున్న పాత కాగితమో, ఆ పెట్టె కనిపించే పాత ఫోటోనో ఉంటే జతచేయండి. వీటితో హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం లాంటి చోట పనిచేసే నిపుణులకు చూపించి, వయసు గురించి అభిప్రాయం అడగండి. కొనే ఉద్దేశం ఉన్న మనిషి చెప్పిన విలువను విలువగా తీసుకోకండి.

అన్నిటికంటే సున్నితమైనది ఇది. మామగారు వీలునామా రాయకపోయి ఉంటే ఆ పెట్టె మీ ఒక్కరిది కాదు. అత్తగారికి, మీవారికి, మరిదికి, ఆడబిడ్డ ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది. మీ అమ్మాయి ఫీజుకని అమ్మేసిన తర్వాత ఈ మాట వస్తే డబ్బు కంటే పెద్ద నష్టం జరుగుతుంది. అందరి సంతకాలతో ఒక కాగితం రాసుకున్నాకే ఏదైనా.

రేపు అమ్మితే పన్ను ఎలా ఉంటుందో చూద్దాం. వాడుకునే వస్తువులకు పన్ను ఉండదని కొందరు చెబుతారు. చిత్రాలు, కళాఖండాలకు ఆ మినహాయింపు వర్తించదు. తాతల నుంచి వచ్చింది కాబట్టి దీర్ఘకాలిక లాభం కిందకి వస్తుంది. 2024 జూలై 23 నుంచి దాని మీద పన్ను 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపించడం) లేదు. కొన్న ధర తెలియదు కనుక 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను ఖరీదుగా చూపించవచ్చు, దానికి రిజిస్టర్డ్ వాల్యుయర్ (విలువ కట్టే నమోదిత నిపుణుడు) రిపోర్టు తీసుకోండి. కేవలం లెక్క కోసం అనుకుందాం: 3 లక్షలకు అమ్మారు, 2001 నాటి విలువ 60 వేలు, అమ్మకం ఖర్చు 10 వేలు. లాభం 2.3 లక్షలు. నలుగురు వాటాదారులైతే ఒక్కొక్కరికి 57,500. దాని మీద పన్ను, సెస్సు కలిపి 7,475 రూపాయలు. మీ అత్తగారికి వేరే ఆదాయం లేకపోతే ఆమె వాటా పన్ను పడని పరిమితిలోనే ఉండిపోతుంది. ఎన్నారై అయిన మరిదికి ఆ వెసులుబాటు లేదు. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ పెనాల్టీ కట్టాల్సి వస్తుంది.

ఇవన్నీ చూశాక ఆ సెట్టుకు 45 వేలే సరైన ధరని తేలవచ్చు కూడా. అప్పుడు సంతోషంగా అమ్మండి, లేదా ఉంచుకోండి. కానీ అమ్మాయి చదువు ఖర్చుల లెక్కలో దాన్ని ఇప్పుడే కలపకండి. ఎప్పుడు, ఎంతకు అమ్ముడవుతుందో తెలియని వస్తువు మీద కాలేజీ ఫీజు పెట్టుకోలేం.

శనివారం ఆయన ఫోన్ చేస్తే, "ఇంట్లో నలుగురం కూర్చుని మాట్లాడుకోవాలి, మీ లైసెన్సు కాపీ, మీరు ఇస్తానన్న ధర రాసి పంపండి" అని చెప్పండి. సోమవారం ఎఫ్‌డీ రసీదు తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. ముక్కలు విడదీశాక ఏ గుర్తులో ఎన్ని ఉన్నాయో, రాజులు, మంత్రులు అందరూ ఉన్నారో లేదో నాకు రాయండి.