ఎంబీబీఎస్ అయిన అమ్మాయి డేటా వైపు వెళ్తానంటే

గుంటూరు నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి హౌస్ సర్జన్సీలో ఉంది, నీట్ పీజీ రాయనంటోంది, అమెరికాలో బయోమెడికల్ ఇన్ఫర్మాటిక్స్‌లో, అంటే వైద్య రికార్డుల్ని, డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువులో, ఎంఎస్ చేసి రీసెర్చ్‌లోకి వెళ్తానంటోంది, డబ్బుకి ఇల్లు తాకట్టు పెట్టాలి, ఎండీ మంచిదా ఇది మంచిదా చెప్పండి అని.

సార్, ఈ ప్రశ్న ఊరి పేరు మార్చుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. మీ భయం కోర్సు గురించి కాదు, రేపు పెళ్లిచూపుల్లో అమ్మాయి డాక్టరని చెప్పాలా సాఫ్ట్‌వేర్ అని చెప్పాలా అన్నదే కదా? ఆ టెన్షన్ వదిలేయండి. డాక్టరు పట్టా ఎక్కడికీ పోదు.

అయితే ఈ మధ్య ప్రతివాళ్లూ ‘హెల్త్‌కేర్ ఏఐ’ అంటూ ఎగబడుతుంటే మాత్రం నాకు అనుమానంగానే ఉంటుంది. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతింటే ఫొటో చూసి పట్టేసే గూగుల్ ప్రోగ్రామ్ గురించి 2016లో పెద్ద వార్త అయింది, మన దేశపు కంటి ఆసుపత్రుల ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. అదే పరిజ్ఞానాన్ని థాయ్‌లాండ్ క్లినిక్‌లకి తీసుకెళ్తే, గదిలో వెలుతురు సరిగా లేక ఫొటోలు మసకగా వచ్చి, ఐదో వంతుకు పైగా ఫొటోలను అది చూడనే చూడనంది, ఆ రోగుల్ని మళ్లీ ఇంకోచోటికి పంపాల్సి వచ్చింది. ఈ సంగతి కోడ్ రాసేవాడికి కూర్చున్నచోట తెలియదు. అర్ధరాత్రి వార్డులో అన్ని బెడ్లకీ కొలవకుండానే బీపీ 120/80 అని రాసేసిన కేస్ షీట్ చూసిన హౌస్ సర్జన్‌కి, ఆ అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కాక ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. మీ అమ్మాయి విలువ అక్కడే ఉంది, కోడింగ్‌లో ఆమెని మించినవాళ్లు వీధికి పదిమంది.

కన్సల్టెన్సీవాళ్లు చెప్పని మాట ఒకటుంది. అమెరికాలో క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్‌ని, అంటే రోగుల వైద్యంలో ఈ డేటా పనిని, 2011లో డాక్టర్ల సబ్‌స్పెషాలిటీగా గుర్తించారు, కానీ ఆ సర్టిఫికెట్‌కి ముందు ఏదో ఒక బ్రాంచిలో రెసిడెన్సీ, అంటే మన పీజీలాంటి ఆసుపత్రి శిక్షణ, పూర్తి చేసి ఉండాలి. ఉత్త ఎంఎస్‌తో అక్కడ పేషెంట్‌ని చూడనివ్వరు. కాబట్టి వారంలో సగం ఓపీ, సగం రికార్డుల మీద రీసెర్చ్ అని అమ్మాయి ఊహించుకుంటుంటే, ఇక్కడ ఎండీ అయినా, అక్కడ రెసిడెన్సీ అయినా తప్పదు. పేషెంట్లు వద్దు, డేటా ఒక్కటే చాలనుకుంటే ఎంఎస్ సరిపోతుంది. పోలిక అంతే. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో తమ సొంత ఎలక్ట్రానిక్ రికార్డుల మీద పేపర్లు రాసేవాళ్లలో కంటి డాక్టర్లున్నారు, చూడమనండి.

ఇక మీకొక మాట, కోపం తెచ్చుకోకండి. ఉత్తరం మొత్తంలో అమ్మాయి ఎందుకు వద్దంటోందో ఒక్క ముక్క లేదు. ర్యాంకు రాదని భయమా, వార్డులో ఎవరైనా ఏడిపించారా, నిజంగానే డేటా అంటే ఇష్టమా? అడగకుండా నన్ను అడిగితే నేనేం చెప్పేది? పైగా మీ బావమరిది కొడుకు జీతంతో పోలిక ఒకటి!

ముందు ఇష్టం ఎంతో తేల్చుకోనివ్వండి. బోస్టన్ ఆసుపత్రి ఒకదాని ఐసీయూ రికార్డులు, పేర్లు తీసేసి, మిమిక్ అనే పేరుతో ఉచితంగా ఇస్తారు. వంద మంది పేషెంట్ల నమూనా ఎవరైనా దించుకోవచ్చు, మిగతాదానికి ఒక చిన్న ఆన్‌లైన్ ట్రైనింగ్ చేసి ఒప్పందం మీద సంతకం పెట్టాలి. డ్యూటీ లేని సాయంత్రాలు ఓ మూడు నెలలు దాంతో కుస్తీ పట్టమనండి. అప్పటికీ అదే మాట అంటే మళ్లీ రాయండి, కాలేజీల సంగతి మాట్లాడుకుందాం. ఈలోగా బ్యాంకుకి మాత్రం వెళ్లకండి.