బాపుకు ఫోన్ చెయ్యి తమ్మీ

జగిత్యాల జిల్లా నుంచి కెనడా వెళ్ళిన ఇరవై రెండేళ్ళ తమ్ముడు ఒకరు రాశాడు. టొరంటో పక్కన ఒక బేస్‌మెంట్‌లో ఇంకో నలుగురు మనవాళ్ళతో ఉంటున్నాడు, వెళ్ళి ఐదు నెలలైంది. కాలేజీ, వేర్‌హౌస్‌లో పని, నిద్ర, ఇంతే. సంక్రాంతికి అమ్మ వీడియో కాల్‌లో సకినాలు చూపిస్తే సిగ్నల్ లేదని కట్ చేసి ఏడ్చాడట. ఊళ్ళో దోస్తులేమో ‘నీకేందిరా, కెనడాల ఉన్నవ్’ అంటారు. బాపు పదిహేనేళ్ళు దుబాయిలో కష్టపడి కొన్న ఎకరం మీద అప్పు తెచ్చి పంపారు. ‘ఇక్కడివాణ్ణి కాలేదు, అక్కడివాణ్ణీ కాకుండా పోతున్నా, వచ్చేయాలా?’ అని అడిగాడు. పొద్దున లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తుందని కూడా చివర్లో రాశాడు.

తమ్మీ, ముందు ఆ చివరి మాట సంగతి. అది ఊరికే రాసే మాట కాదు, నేను తేలిగ్గా తీసుకోను. కెనడాలో ఎక్కడున్నా 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు, రాత్రీపగలూ ఉంటారు, పైసా ఖర్చు లేదు. ఈరోజే చెయ్యి, నీ గదిలో ఒక్కరికైనా ఈ మాట చెప్పు. కాలేజీలో కౌన్సెలర్ ఉంటే అపాయింట్‌మెంట్ తీసుకో.

ఇక మిగతాది. నీ ఉత్తరంలో బాపు గురించి ఒక్కటే వాక్యం ఉంది, అదీ అప్పు లెక్కలో. పరాయి దేశంలో పదిహేనేళ్ళు బతికిన మనిషి ఇంట్లోనే ఉండగా, ఎట్ల ఉండాలో నన్ను అడుగుతున్నావు! మన కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు సెంటు సీసాలు తెచ్చారు, టార్చిలైట్లు తెచ్చారు, పిల్లలకు చాక్లెట్లు పంచారు, కానీ అక్కడ మొదటి ఆరు నెలలు ఎట్ల గడిచాయో మనం అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. నీ చిన్నప్పుడు ఫోన్లో ‘మంచిగున్న బిడ్డా’ అన్నప్పుడల్లా ఆయన నిజంగా మంచిగనే ఉన్నాడంటావా? ఇప్పుడు నువ్వు అమ్మకు చెప్తున్నది అదే అబద్ధం.

ఈ ఆదివారం పొద్దున నీకు తొమ్మిదైతే ఇక్కడ రాత్రి ఏడున్నర. బాపుకే చెయ్యి. ‘బాపూ, కొత్తల నీకు అక్కడ ఎట్లుండె?’ అని అడిగి ఊరుకో. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు, ‘ఏమైందిరా’ అని గద్దించవచ్చు కూడా, అయినా ఫోన్ పెట్టెయ్యకు.

ఇంకోటి, చలికాలం. డిసెంబరు, జనవరిలో టొరంటోలో సాయంత్రం ఐదు అటూఇటుగానే పొద్దుగుంకుతుంది. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు బేస్‌మెంట్‌లో పడుకుంటే ఎండ మొఖం ఎప్పుడు చూస్తావు? మనసు కుంగడంలో దీని వాటా తక్కువేం కాదు. మధ్యాహ్నం ఒక అరగంట, మంచు ఉన్నా సరే, బయట నడువు. క్యాష్ ఇచ్చే రెండో పని దొరికిందని రాశావే, అది వద్దు. క్లాసులు నడిచేటప్పుడు బయట వారానికి 24 గంటలే పని చేయాలి, దాటితే స్టడీ పర్మిట్‌కే ఎసరు.

మనవాళ్ళతో తిరగడం మానేస్తేనే అక్కడివాళ్ళలో కలుస్తానన్నావు, దాంతో నేను ఒప్పుకోను. మన దిక్కు నుంచి భీవండీ, షోలాపూర్ పోయిన నేత కుటుంబాలు మరాఠీ నేర్చుకున్నాయి, ఇంట్లో తెలుగూ ఉంచుకున్నాయి. నేను ములుగు నుంచి హనుమకొండ హాస్టల్‌కు వచ్చి, యాభై కిలోమీటర్ల దూరానికే మూడు నెలలు ఏడ్చాను (నవ్వకు). ఏడుపు ఎప్పుడు ఆగిందంటే, మెస్‌లో కూరగాయలు తరిగే అవ్వ ఒకరోజు ‘రెండ్రోజుల సంది కనపడ్తలేవేందే’ అని అడిగినప్పుడు. నేను రాకపోతే ఒకరికి తెలుస్తుందన్నమాట! నీకూ అట్లాంటి మనిషి ఒకరు కావాలి, ఊరంతా అక్కర్లేదు. అందుకని ప్రతి వారం ఒకే చోటికి, ఒకే టైముకి పో. మీ వైపు గురుద్వారాలు చాలానే ఉంటాయి, లంగర్‌లో ఎవరైనా కూర్చుని తినొచ్చు, కానీ తినేసి వచ్చెయ్యకు, గిన్నెలు కడిగే దగ్గర నిలబడు. అక్కడి తెలంగాణవాళ్ళు బతుకమ్మ ఆడినప్పుడు కూడా చుట్టంలాగా పోయి ఫోటో దిగి రాకు, కుర్చీలు మోసేవాళ్ళలో ఉండు.

తిరిగి వచ్చేయడం గురించి ఈ చలిలో తేల్చుకోకు. సెమిస్టర్ అయ్యాక, ఎండ వచ్చాక, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఇంకా కట్టాల్సిన ఫీజు ఎంత అని కాగితం మీద రాసి బాపుతో మాట్లాడు. అప్పుడు వచ్చేద్దామనిపిస్తే రా, తప్పేం లేదు. ఊళ్ళోవాళ్ళు రెండు నెలలు చెప్పుకుంటారు, మేడారం జాతర వస్తే అదీ మర్చిపోతారు. మనసు మరీ బాగోలేకపోతే మాత్రం సెమిస్టర్ కోసం ఆగకు, ఆ సంగతి బాపుకు ముందే చెప్పు.

అమ్మను సకినాలు కొరియర్ చేయమను, ఐదుగురికీ సరిపోయేటట్టు. ఆదివారం బాపు ఏమన్నాడో నాకు రాయి.