విటమిన్ డి 7కి పడిపోతే సాచెట్టా, ఇంజెక్షనా?

శ్రీకాకుళంలో అమ్మకి టెస్టు చేయిస్తే విటమిన్ డి 7 వచ్చిందని, 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ ఒక్కటి వేయించేస్తే సరిపోదా అని అడిగారు.

మిల్లీలీటరుకు 10 నానోగ్రాముల లోపంటే తీవ్ర లోపమే. అయినా అరుగుదల బాగున్నవాళ్లకి నోటి మందే మేలంటాను. మామూలుగా 60,000 యూనిట్ల సాచెట్ (పొడి ప్యాకెట్) వారానికొకటి, 8 వారాలు రాస్తారు. పాలల్లో కలిపి భోజనమయ్యాక ఇవ్వండి. కొవ్వు తోడుంటేనే బాగా ఒంటబడుతుంది. కండకి వేసిన ఇంజెక్షన్ మెల్లగా రక్తంలోకి దిగుతుంది. ఒకేసారి భారీ డోసు తీసుకున్న వృద్ధుల్లో జారిపడటాలు పెరిగిన దాఖలాలూ ఉన్నాయి. తిన్నది ఒంటబట్టనివాళ్లకైతే ఇంజెక్షనే దారి.

వారానికొకటి అంటే రోజుకొకటి వేసేసుకునేవాళ్లున్నారు! కాల్షియం పెరిగి కిడ్నీల మీదకొస్తుంది. మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపైతే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించి, డాక్టరు చెప్పాకే మొదలెట్టండి. ఎండ మంచిదే, కానీ 7 దగ్గర ఎండొక్కటే చాలదు.